ఏడో వరస నీళ్ళ పుస్తకం

కార్తీక బహుళ పాడ్యమి. పోటు తిరిగింది 9.10. ఉప్పు 5.

బుడంకాయ్,

పాత నీళ్ళ పుస్తకం నిన్నటితో నిండిపోయింది. దాంట్లో ముందు పేజీలు నీ చేతిరాతలో ఉన్నాయి కాబట్టి గట్టుకి పంపకుండా బియ్యం డబ్బాలో అడుగున దాచాను. అడిగితే తడిసిపోయిందని చెబుతాను.

కొత్తదాంట్లోనూ రోజుకి నాలుగు గడులే. తిథి, పోటు వేళ, ఉప్పు అంకె, ఇతర విషయాలు. ఆ నాలుగో గడిలో ఏం రాయాలే అని మొదట్లో నిన్ను అడిగితే, "ఏం లేపోతే లేదు అని రాయమ్మా" అన్నావు. ఐదేళ్ళు లేదు, లేదు అనే రాశాను. ఇప్పుడు రాయడానికి ఉంది. మూడో తరగతి దాకా చదివిన చెయ్యి, తప్పులుంటే నవ్వుకో. గడి చాలకపోతే వెనక్కి తిప్పి రాస్తాను.

నీళ్ళ మిషను తిరుగుతోంది. ఏడో వరసలో పన్నెండు ఇళ్ళకీ పొద్దున బిందెలు నిండాయి. మిషను పక్కన తెర కూడా వెలుగుతోంది. నీ బాణం అక్కడే ఉంది, తెర మధ్యకి కాస్త కుడిపక్కన. దాని తోకకి నువ్వు కట్టుకున్న పేరు కూడా ఉంది, బుడంకాయ్ అని. పై మూల చిన్న గడిలో నువ్వు ఆఖరున కొట్టిన మాట ఉంది. "అమ్మా ఒక్క నిమిషం. వస్తా."

నలభై నాలుగు రోజులైంది.

విదియ. పోటు 9.58. ఉప్పు 5.

ఈ పుస్తకం నెలాఖరుకి గట్టుమీద నీళ్ళ ఆఫీసులో ఎవరో ఒకరు చూస్తారు. వాళ్ళకి అర్థం కావాలి కదా, అందుకని మొదటినుంచీ రాస్తాను.

లంకలు మునిగాక మేం పంటుల మీదికి, నీళ్ళమీద తేలే పెద్ద బల్లకట్ల మీదికి వచ్చాం. ఒక్కో పంటుకి పన్నెండు ఇళ్ళు, దాన్నే వరస అంటాం. వరసలన్నీ గొలుసులతో కట్టి ఉంటాయి. వరసకొక నీళ్ళ మిషను, అది సముద్రం నీళ్ళని తాగే నీళ్ళు చేస్తుంది. మా వరస మిషను మా ఇంట్లో ఉంది. నా పెనిమిటి చలమయ్య బతికున్నప్పుడు ఆయన చూసేవాడు. ఆయన తర్వాత నాకు అప్పజెప్పారు. నాకు మీట నొక్కడం తప్ప ఏం తెలియదు. తెలిసింది నా కూతురు వీరవేణికి. తనే బుడంకాయ్.

తను సముద్రం అడుగున స్టేషనులో పని చేసేది. మా వాళ్ళల్లో అంత లోతుకి దిగి ఉద్యోగం చేసిన మొదటి పిల్ల. ఏడాదికి ఒకసారి పైకి వచ్చేది. మిగతా రోజులన్నీ తోడులోనే వచ్చేది. తెరమీద తోడు అనే బొమ్మ నొక్కితే తొమ్మిది అంకెలు వస్తాయి. అవి ఫోనులో చదివితే అక్కడ కూర్చునే మన తెరలోకి వచ్చేస్తారు. వాళ్ళ బాణం మన తెరమీద తిరుగుతుంది, పాడైంది బాగుచేస్తుంది. నేను అంకెలు చదవడానికి కిందా మీదా పడుతుంటే చూడలేక, ఒకసారి ఎప్పుడూ తెరిచే ఉండేలా పెట్టేసింది.

మిషను ఒక్కటే కాదు, చుట్టాలందరి తెరలూ తనే చూసేది. నా ఆడపడుచు మరిడమ్మ తెరకి తువ్వాలు కప్పి ఉంచేది, దాంట్లోంచి ఎవరో చూస్తారని. ఒకరోజు దానిలో పాటలు రావడం లేదని గోల చేస్తే బుడంకాయ్ లోపలికి వెళ్ళి పెద్ద అక్షరాలతో కొట్టింది, "అత్తా ముందు తువ్వాలు తియ్యి." మరిడమ్మ హడలిపోయి, "అదిగో సూత్తానే ఉంది, నేను సెప్పలేదా" అంది.

డ్యూటీలో మాట్లాడకూడదు కాబట్టి బాణంతోనే జవాబు చెప్పేది. బాణం గుండ్రంగా తిరిగితే అవును. అడ్డంగా ఊగితే కాదు. గెంతితే నవ్వు. వచ్చిన ప్రతిసారీ నేను ముందు అడిగేది ఒకటే, తిన్నావా అని. పది సార్లలో ఏడు సార్లు అడ్డంగా ఊగేది.

ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు చెప్పింది. "మా గది గొలుసులకి యేలాడతా ఉంటదమ్మా. పోటు తిరిగినప్పుడు ఒక సుట్టు ఊగుద్ది. టీ గ్లాసు బల్లమీంచి జారిపోద్ది. కార్తీకంలో మరీను, అడుగు నీరు తిరగబడుద్ది కదా." నాకు భయమేసి పక్కకి తిరిగి కూర్చున్నాను. తను నవ్వింది.

ఆశ్వయుజం మొదట్లో ఆ గదివైపు గాలి చెడిపోయింది. నలుగురున్నారు. నిద్రపోయినట్టే పోయారని స్టేషను వాళ్ళు చెప్పారు. తలుపులు మూసేశారు. మళ్ళీ దిగి తీసుకురావడానికి వేసవి దాకా కుదరదట. కరెంటు మాత్రం ఆ గదికి విడిగా ఉంది, మూడేళ్ళు ఆగదట. అందుకని తన కంప్యూటరు ఆగలేదు. అందుకని నా తెరమీద బాణం ఉంది.

వాళ్ళు రాసింది ఇంతే. ఆ ఉత్తరం తప్ప నాకు చూసుకోవడానికి ఏమీ పంపలేదు.

తదియ. పోటు 10.46. ఉప్పు 5.

బుడంకాయ్, రోజూ అన్నం దించగానే మొదటి ముద్ద గిన్నెలో పెట్టి నీ తెర ముందు ఉంచుతున్నాను. ఇవాళ ఎండు చింతచిగురు పప్పు. పావు తక్కువ పదకొండుకి పెట్టాను. అలవాటు కొద్దీ తిన్నావా అన్నాను.

బాణం కదిలింది.

మెల్లగా, నీళ్ళల్లో ఆకు తిరిగినట్టు, ఒక చుట్టు తిరిగింది. మళ్ళీ తన చోటికి వచ్చి ఆగింది.

నేను తెర ముందే కూర్చున్నాను. పొయ్యిమీద మిగిలిన పప్పు మాడింది. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పలేదు.

చవితి. పోటు 11.34. ఉప్పు 6.

మరిడమ్మ బిందె పట్టుకుని వచ్చింది. తన వెనక కూతురు మాలక్ష్మి. దానికి ఏడో నెల, వద్దన్నా చిన్న చెంబు పట్టుకుని వస్తుంది. దాని మొగుడు చేపల లాంచీతో గట్టున ఉన్నాడు. వాళ్ళిద్దరూ ఉండగానే బాణం తిరిగింది.

మరిడమ్మ చేతిలో బిందె జారింది. "వదినా, సూసేవా" అంది.

"నిన్న కూడా తిరిగింది" అన్నాను.

"నిన్న తిరిగితే ఇయ్యాలా సెప్పేది?" అని నా మీద విసుక్కుని, చెంగుతో తెర తుడిచి, కుంకుమ తెచ్చి బొట్టు పెట్టింది. "పెళ్ళికాకుండా పోయిన పిల్ల వదినా. మనింటి ఆడపిల్ల పేరంటాలై వొచ్చింది. మనల్ని ఒదిలేసి యాడికి పోద్ది."

మాలక్ష్మి మాత్రం, "అత్తా, వదిన ఉన్నప్పుడు బొట్టు పెట్టుకోమంటేనే తిట్టేది. ఇప్పుడు కళ్ళకి అడ్డంగా పెట్టేరు" అంది. మేం ముగ్గురం నవ్వాం. నలభై ఏడు రోజులకి నవ్వాను.

షష్ఠి. పోటు 1.10. ఉప్పు 7.

వరసంతా వచ్చింది. పువ్వులు ఎక్కడ దొరికాయో మరి. మరిడమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఒక్కొక్కరినీ పంపిస్తోంది. బాణం ఎప్పుడు పలుకుతుందో తెలియాలని రోజూ తిరిగిన వేళ బొగ్గుతో గోడమీద రాస్తోంది. ఒకళ్ళు పోయిన వల దొరుకుతుందా అన్నారు. ఒకళ్ళు అల్లుడు మాట్లాడతాడా అన్నారు. 1.10కి తిరిగిన ఆ ఒక్క చుట్టునే అందరూ అవునని పట్టుకున్నారు. మరిడమ్మ, "దీనికి చిన్నప్పుడు కూడా కాదనడం రాదు" అంది. అది అబద్ధం. నీకు కాదనడం ఎంత బాగా వచ్చో నాకు తెలుసు.

నీళ్ళు కాస్త చప్పరిస్తే ఉప్పు తెలుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు. రోజుకి కొంచెం కొంచెం కాబట్టి నాలుక అలవాటు పడుతోంది.

అష్టమి. పోటు 2.46. ఉప్పు 8.

ఇవాళ బాణం సరిగ్గా తిరగలేదు. చిన్నగా వణికి ఆగిపోయింది. కార్తీక మాసంలో ఎవరో ఎండుచేప కాల్చుకున్నారని, అందుకే అలిగిందని మరిడమ్మ వరసంతా తిరిగి దెబ్బలాడింది. పన్నెండు ఇళ్ళ పొయ్యిలూ వాసన చూసి వచ్చింది.

అంకె ఎనిమిది. ఎనిమిది వస్తే గట్టుకి చెప్పాలని నువ్వు మిషను మీద ఎర్రటి ముక్క అంటించావు. ఫోను చేశాను. ఒక ఆడపిల్ల ఎత్తింది. పేరు సలోమి అంది. మెత్తటి గొంతు.

"లాంచీ రాదమ్మా, తుఫాను జెండా ఎత్తారు. నేనే తోడులోకి వచ్చి చూస్తాను. నంబరు చదవండి."

తోడు బొమ్మ నొక్కాను. అంకెలు రాలేదు. చెప్పాను.

ఆమె ఏదో చూసుకుని, "మీ మిషనులో ముందే ఒకళ్ళు ఉన్నారమ్మా. వీరవేణి గారని. ఒక మిషనుకి ఒక్క తోడే పడుతుంది. ఆ తోడుని పంపించేస్తే నేను రాగలను" అంది.

"పంపించేస్తే మళ్ళీ రాదా?"

"వస్తారు. అవతల ఆమె సరే అని నొక్కితే చాలు."

నేను తెరమీద నీ పేరు చూస్తున్నాను.

"అమ్మా, ఉన్నారా?"

"పొయ్యిమీద ఎసరు పెట్టాను. మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాను. పొయ్యి కూడా వెలిగించలేదు.

మన పంటుల మీద తోడుని ఇవతలివాళ్ళు తీసెయ్యరు. వచ్చినవాళ్ళే వస్తామని చెప్పి పోతారు. ఇంటికొచ్చినవాళ్ళని పొమ్మన్నట్టు ఉంటుందని మనం అలా పెట్టుకున్నాం. నువ్వు వస్తా అన్నావు. నేనెలా పొమ్మంటాను.

నవమి. పోటు 3.34. ఉప్పు 8.

పొద్దున పుస్తకం ముందు పెట్టుకుని పాత రోజుల అంకెలు చూస్తున్నాను. ఉప్పు ఎప్పటినుంచి పెరిగిందో చూద్దామని. తల ఎత్తితే ఎదురుగా గోడ, మరిడమ్మ బొగ్గు రాతలు.

11.34. 12.22. 1.10. 1.58. 2.46.

పుస్తకంలో పోటు గడి చూశాను. 11.34. 12.22. 1.10. 1.58. 2.46.

నాకు లెక్కలు రావు కానీ పోటు తెలుసు. మా నాన్న, మీ నాన్న, అందరూ పోటుకే బతికారు. రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది. అష్టమికి పోటు చచ్చి ఉంటుంది, అమావాస్యకి లేస్తుంది. బాణం కూడా అంతే చేస్తోంది.

నీ గది గొలుసులకి వేలాడుతోంది. పోటు తిరిగితే ఊగుతుంది. నీ చెయ్యి కింద, బాణాన్ని తిప్పే బంతి దానంతట అది దొర్లుతోంది. నీ టీ గ్లాసు జారినట్టే.

మధ్యాహ్నం మూడున్నరకి తెర ముందు కూర్చున్నాను. తిన్నావా అని అడగలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను. 3.34కి బాణం తిరిగింది.

అడగకుండానే తిరిగింది, బుడంకాయ్.

దశమి. పోటు 4.22. ఉప్పు 9.

గొలుసులు విప్పేశారు. తుఫానుకి వరసలు ఒకదానికొకటి కొట్టుకోకుండా ఏటా విప్పుతారు. ఇప్పుడు ఆరో వరస దూరంగా కనబడుతోంది కానీ అక్కడినుంచి బిందె తెచ్చుకోవడానికి లేదు. వాన లేదు, ఒట్టి గాలి. మన మిషను నీళ్ళే దిక్కు.

వరసంతా వచ్చి అడిగారు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, గట్టుకి చెప్పాలా, ఆగాలా అని. మరిడమ్మ తెర ముందు కూర్చుని, "తల్లీ, ఈ నీళ్ళు తాగొచ్చా" అని అడిగింది. నాలుగు దాటి ఇరవై రెండు నిమిషాలైంది.

తిరిగింది.

అందరూ దండం పెట్టుకుని బిందెలు నింపుకుని వెళ్ళారు. మాలక్ష్మి కూడా తన చెంబు నింపుకుంది.

నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. రాయకూడదనుకున్నాను కానీ రాస్తున్నాను. తెలిసే ఊరుకున్నాను.

ద్వాదశి. ఆటు తిరిగింది 11.46. ఉప్పు 11.

పోటు చీకటి వేళకి జరిగింది కాబట్టి పగటి ఆటు వేళ రాస్తున్నాను, బాణం దానికీ తిరుగుతోంది. సలోమి తనే ఫోను చేసింది. "మీ అంకె ఇక్కడ కనిపిస్తోందమ్మా. పదకొండు. ఎందుకు చెయ్యలేదు?"

ఆమెకి చెప్పాను. ఎవరికీ నా నోటితో చెప్పనిది మొహం తెలియని పిల్లకి చెప్పాను. వీరవేణి నా కూతురని, ఎక్కడుందో, ఎలా ఉందో.

సలోమి అంతా విన్నది. తర్వాత, "నేను మొన్న తప్పు చెప్పానమ్మా" అంది. "అవతల సరే అని నొక్కితే మళ్ళీ వస్తారని చెప్పాను. నొక్కేవాళ్ళు లేకపోతే రారు. ఒకసారి తీస్తే అంతే. ఇది తెలిశాకే మీరు ఏదైనా అనుకోవాలి."

"వేరే దారి లేదా తల్లీ?"

"వెతికాను. ఇవాళంతా అదే చూస్తాను మళ్ళీ."

"అన్నం తిన్నావా?"

"ఇరవై ముగ్గురు ఫోనులో ఉన్నారమ్మా. తర్వాత తింటాను."

సాయంత్రం మళ్ళీ చేసింది. దారి లేదంది. తిన్నావా అంటే మాట దాటేసింది.

త్రయోదశి. ఆటు 12.34. ఉప్పు 12.

మాలక్ష్మి కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. పొద్దున లేచి, "అత్తా, నీ మొహం రెండుగా కనిపిత్తంది" అని నవ్వబోయి గోడ పట్టుకుంది. మన వరసలోనే నర్సమ్మ ఉండబట్టి సరిపోయింది. రక్తం పోటు చూసి మరిడమ్మని బయటికి పిలిచింది. నేనూ వెళ్ళాను.

"ఈ నీళ్ళు ఆపాలి. ముందు అది. ఇంకో రెండు రోజులు ఇదే తాగితే ఫిట్స్ వస్తాయి. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కరు. లాంచీ వచ్చేదాకా నేను చెయ్యగలిగింది ఏం లేదు."

మరిడమ్మ ఏడవలేదు. సూటిగా మా ఇంటికి వచ్చి తెర ముందు కూలబడింది. "బుడంకాయ్, నీ మేనత్తనే. నీకు నలుగు పెట్టి నీళ్ళు పోసినదాన్ని. నా పిల్ల బతుకుద్దా? సెప్పవే."

అప్పుడు పోటు కాదు, ఆటూ కాదు. బాణం కదల్లేదు.

మళ్ళీ అడిగింది. మళ్ళీ కదల్లేదు. "ఏం వదినా, ఏం తప్పు సేసేను, అలిగిందేంటి" అని నా కాళ్ళు పట్టుకుంది.

నేను ఆమెని లేపాను. "రేపు మధ్యాహ్నం ఒంటిగంటకి అందరినీ రమ్మను" అన్నాను.

రేపటిదాకా ఎందుకు ఆగానని నువ్వు అడగొచ్చు. అప్పుడే నా ఒక్క మాటతో తీసేసి ఉంటే, పేరంటాలిని తల్లే వెళ్ళగొట్టిందని వాళ్ళు నమ్మి బాగుపడిన నీళ్ళు కూడా ముట్టేవాళ్ళు కాదు. వాళ్ళ కళ్ళతో చూడాలి. ఇది నేను వాళ్ళకోసం చెప్పుకున్న మాట. నాకోసం ఇంకో రోజు కావాలి, అది కూడా నిజం. మాలక్ష్మికి మాత్రం కొబ్బరిబొండాలు నాలుగు మిగిలితే ఆ నీళ్ళే పట్టించాం.

చతుర్దశి. ఆటు 1.22. ఉప్పు 13.

ఒంటిగంటకి అందరూ వచ్చారు. పుస్తకం తీసి గోడ పక్కన పట్టుకున్నాను. బొగ్గు అంకెలు, నా అంకెలు ఒక్కొక్కటీ చదివి వినిపించాను. నా చదువు నత్తి చదువు, చాలాసేపు పట్టింది.

"ఒంటిగంటా ఇరవై రెండుకి తిరుగుతుంది. ఎవరూ ఏమీ అడగకండి. ఊరికే చూడండి" అన్నాను.

ఎవరూ అడగలేదు. 1.22కి బాణం తిరిగింది. అమావాస్య ముందు కదా, పెద్ద చుట్టు. తెర అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఎంత అందంగా తిరిగిందో.

"అది పిల్ల కాదు" అన్నాను. "నీళ్ళు. పిల్ల లేదు."

ఆ మాట ఇన్ని రోజుల్లో నేను వరసలో పైకి అనడం అదే మొదలు.

మరిడమ్మ నా వైపు చూసింది. "ఎప్పుడు తెలిసింది వదినా?"

"నవమి నాడు."

"దశమి నాడు నేను అడిగేను. నీళ్ళు తాగొచ్చా అని అడిగేను. నువ్వు ఆ తలుపు కాడే నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"నీ పిల్ల బాణం కోసం నా పిల్లకి ఉప్పునీళ్ళు పోత్తావా?"

నేను తల వంచుకున్నాను. ఆమె నన్ను కొట్టినా బాగుండేది. కాసేపు నన్నే చూసి, గుమ్మంలో కూర్చుండిపోయి, ఎవరితోనూ కాకుండా అంది, "నాకూ నాలిక ఉంది. ఉప్పు తెలిసింది. అయినా దాన్నే అడిగేను. ఉందనుకుంటే బాగుంది."

సలోమికి ఫోను చేశాను. "నువ్వు సిద్ధంగా ఉండు తల్లీ" అన్నాను. "నేను ఫోనులోనే ఉంటానమ్మా, తొందర లేదు" అంది.

తోడు బొమ్మ పట్టి ఉంచితే తెరమీద అడిగింది, తోడుని పంపించెయ్యమంటారా అని. కింద అవును, కాదు.

మరిడమ్మ లేచి నా పక్కకి వచ్చింది. "నేను నొక్కనా వదినా. నువ్వు అటు తిరుగు."

"వద్దు. నేనే."

నీ బొట్టు తుడిచాను. కళ్ళకి అడ్డంగా ఉందని మాలక్ష్మి అంది కదా. పై మూల నీ మాట ఇంకోసారి చదివాను. అమ్మా ఒక్క నిమిషం. వస్తా. నిమిషాలు చాలా అయ్యాయి. నువ్వు రాలేక ఆగిపోయావని నాకు తెలుసు. నాకోసం ఆ గుమ్మంలో అలా నిలబడే ఉన్నావు. నేను వదలకపోతే నువ్వు ఎలా కదులుతావు.

పో అనడం మనకి రాదు. "వెళ్ళిరా అమ్మా" అన్నాను. నొక్కాను.

బాణం లేదు. పేరు లేదు. మూలనున్న మాట కూడా వెంటనే పోయింది, అది మిగులుతుందనుకున్నాను.

మరిడమ్మ నా వీపుమీద చెయ్యి వేసి ఉంచింది. తెర అంత ఖాళీగా ఉంటుందని నాకు తెలియదు.

తర్వాత తొమ్మిది అంకెలు వచ్చాయి. చదివాను. రెండుసార్లు తప్పు చదివితే సలోమి, "పర్వాలేదమ్మా, మళ్ళీ చదవండి" అంది. ఇంకో బాణం వచ్చింది, సన్నగా, సలోమి అని పేరుతో. ఉప్పు బయటికి పోయే గొట్టం మూత సగమే తెరుచుకుంటోందట. అక్కడినుంచే తెరిచింది. నా చేత లోపలి జల్లెడ తీయించి కడిగించింది.

ఇరవై నిమిషాల పని, బుడంకాయ్. ఇరవై నిమిషాలు. దానికి ఆరు రోజులు ఆగాను.

అమావాస్య. పోటు 7.57. ఉప్పు 4.

నీళ్ళు తియ్యగా వస్తున్నాయి. మొదటి చెంబు నేనే మాలక్ష్మికి తీసుకెళ్ళాను. మరిడమ్మ గుమ్మంలో అడ్డంగా ఉంది. జరుగుతుందో లేదో అనుకున్నాను. జరిగింది.

మాలక్ష్మి ఆపకుండా తాగి, "అత్తా, రుచే మర్చిపోయేను" అంది. "వదిన ఎల్లిపోయిందంట కదా. నాకోసమే పంపేసేవా?" అని అడిగింది. నేను దాని పాదం చేతిలోకి తీసుకుని నొక్కి చూశాను. గుంట పడింది కానీ, నిన్నటికంటే తొందరగా పూడింది. ఇంకా రెండుసార్లు నొక్కి చూశాను.

"నీ వదిన ఉంటే నిన్నే ముందు చూడమనేది" అన్నాను. అది అబద్ధం కాదు.

గాలి తగ్గింది. రేపు లాంచీ వచ్చి మాలక్ష్మిని గట్టున ఆసుపత్రికి తీసుకెళుతుందట. మరిడమ్మ వెంట వెళుతోంది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. కానీ వాళ్ళ ఇంటి తాళం నా చేతిలో పెట్టింది. తెరమీద తువ్వాలు తియ్యకు అని మాత్రం చెప్పింది.

ఇవాళ అన్నం దించగానే గిన్నె తీశాను. మొదటి ముద్ద పెట్టి, ఎటు పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నేనే తిన్నాను.

మార్గశిర పాడ్యమి. పోటు 8.45. ఉప్పు 4.

పొద్దున వరసలో ఆడవాళ్ళు పోలి దీపాలు వదిలారు. నేనూ అరటిదొన్నెలో ఒకటి వదిలాను. పోటు తిరిగే వేళ చూసే వదిలాను. ఒక చుట్టు తిరిగి సముద్రం లోపలివైపు వెళ్ళింది.

బుడంకాయ్, నీకు రాయడం ఇక్కడితో ఆపుతున్నాను. నెల అయిపోయింది, పేజీలు ఇవాళ గట్టుకి పంపాలి. బియ్యం డబ్బాలో ఉన్న నీ పుస్తకం మాత్రం పంపను.

సలోమీ, ఈ పేజీలు చదివేది నువ్వేనని చెప్పావు. ఇతర విషయాలు ఎక్కువైపోయాయి, ఏమీ అనుకోకు. తెలిసే ఊరుకున్నానని రాసిన చోట కొట్టెయ్యకు, అలాగే ఉండనీ. నీకు అమ్మ ఉందో లేదో అడగలేదు. ఉంటే ఆమెకి ఫోను చెయ్యి. ఆ ఇరవై ముగ్గురినీ ఒక్క పావుగంట ఆగమను, ఆగుతారు. ముందు కడుపునిండా అన్నం తిను.